గోమాత పొదుగుకు పసుపుకాపు

(కార్తీక శుద్ధ అష్టమి, గోపాష్టమి నాడు పుప్పాలగూడ గోశాల ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు గోపాష్టమి. బాలకృష్ణుడు దూడలను వదలి, ఆవులను తోలుకొని తొలిసారిగా అడవికి వెళ్ళిన దినమని పెద్దలు చెబుతారు. ఉదయం నుంచి మీరందరూ గోపూజ చేశారు. కొమ్ములకు పసుపు పూశారు, నుదుట కుంకుమ పెట్టారు, మెడలో పూలదండ వేశారు, ప్రదక్షిణం చేసి తోకను కళ్ళకద్దుకొన్నారు. చాలా సంతోషం. అయితే నేను ప్రొద్దుటినుంచి ఒక సంగతి గమనిస్తున్నాను. గోవు ముఖాన్ని చూచినవారు అనేకులు. పృష్ఠభాగాన లక్ష్మీదేవి ఉంటుందని అక్కడ పసుపు చల్లినవారు కొందరు. పొదుగు వైపు వంగి చూచినవారు మాత్రం మన గోశాల కాపరి ఒక్కడే. ఈ ప్రసంగం ఆ పొదుగును గురించి.

దేవాలయ పత్రికలో రాదగిన విషయమా ఇది అని మీకు అనిపించవచ్చు. అమరసింహుడు తన కోశంలో దీనికి ఊధస్సు, ఆపీనము అని రెండు పేర్లు చెప్పి, తగిన గౌరవమే ఇచ్చాడు. మనం స్వామికి చేసే క్షీరాభిషేకం, నివేదించే పాయసం, వెలిగించే ఆవునేతి దీపం, పంచామృతంలో మూడు అమృతాలు, అన్నీ అక్కడినుంచి వచ్చినవే. మూలస్థానం బాగుంటేనే తక్కినవన్నీ బాగుంటాయి.

పొదుగు నిర్మాణం

ఆవు పొదుగు బయటికి ఒకే సంచిలా కనిపిస్తుంది గాని, లోపల నాలుగు వేరు వేరు గదులు. ఒక గదిలోని పాలు మరొక గదిలోకి పోవు. నాలుగు గదులకు నాలుగు చనుకట్లు. ఒక్కొక్క గదిలోను ద్రాక్షగుత్తుల వలె అతిసూక్ష్మమైన బుడగలుంటాయి. ఆ బుడగల లోపలి గోడకు ఒకే వరుసగా పేర్చిన కణాలే పాలను తయారుచేసేవి. రక్తంలోనుంచి కావలసిన ద్రవ్యాలను తీసుకొని అవి పాలను చేస్తాయి. ఒక్క లీటరు పాలు తయారు కావడానికి సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలని పశువైద్యశాస్త్రం చెబుతున్నది. మనం అభిషేకానికి ఒక చెంబెడు పాలు పోసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకొంటే చేయి కొంచెం వణకక మానదు.

ఇంతటి శ్రమ చేసే ఆ కణాలకు శత్రువులున్నాయి. చనుకట్టు కొనలో సన్నని రంధ్రం ఉంటుంది. పాలు పితికిన తరువాత అది వెంటనే మూసుకోదు. పూర్తిగా బిగుసుకోవడానికి అరగంటో, అంతకు కొంచెం ఎక్కువో పడుతుంది. ఆ వ్యవధిలో ఆవు పేడలోనో, బురదలోనో పడుకొంటే, లేదా పితికేవాని చేయి శుభ్రంగా లేకపోతే, కంటికి కనిపించని బాక్టీరియా ఆ ద్వారం గుండా లోపలికి ప్రవేశిస్తుంది. అప్పుడు వచ్చేదే పొదుగువాపు వ్యాధి. పొదుగు వేడెక్కుతుంది, గట్టిపడుతుంది, ఎర్రబడుతుంది. పాలలో పలుకులు వస్తాయి. ఆవు తాకనివ్వదు. పూర్వం గ్రామాలలో దీనిని దిష్టి అనుకొనేవారు. ఎవరో చెడుకన్ను వేశారని పొరుగువారితో కలహించిన కుటుంబాలను నేనెరుగుదును.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నేనొక విషయం దాచకుండా మనవి చేయాలి. ఏడేళ్ళ క్రితం శ్రావణమాసం. వారంరోజులుగా వాన. కొట్టంలో నేల ఆరలేదు. అప్పటికి పది రోజుల క్రితమే మూడవ ఈత ఈనిన గౌరి అనే సంకరజాతి ఆవు దగ్గరనుంచి లేచివచ్చి, కాపరి నాతో, "అయ్యగారూ, ఎనుక ఎడమ దిక్కు పొదుగు గట్టిగైంది. పాలల్ల గడ్డలొస్తున్నయి. డాక్టరును పిలుస్తరా?" అన్నాడు.

గోశాల బాధ్యత అప్పుడు నా మీద ఉండేది. చదివింది తర్కవ్యాకరణాలు. ఆయుర్వేద గ్రంథాలు నాలుగు తిరగవేసిన అహంకారమొకటి. "గోమాతకు సూదులెందుకురా? పసుపు ఉండగా భయమేమిటి? పసుపు నూనెలో కలిపి పూయి" అన్నాను. అతడు మాట కాదనలేదు. రోజుకు రెండు పూటలా పూశాడు. మూడవనాడు గౌరి గడ్డి ముట్టలేదు. ఒళ్ళు కాలిపోతున్నది. పొదుగు రాయిలా ఉంది. పితికితే పాలకు బదులు నెత్తుటి జీరలతో నీళ్ళు వచ్చాయి. దూడ అరుస్తున్నా ఆవు తల తిప్పి చూడలేదు. అది చూచాక నాకు చేతులాడలేదు.

ప్రభుత్వ పశువైద్యశాలనుంచి డాక్టరమ్మ వచ్చింది. ఆ రాత్రి పదకొండు దాకా ఇక్కడే ఉంది. నరానికి సెలైను, ఇంజక్షన్లు, పొదుగును మాటిమాటికి పిండి ఖాళీచేయించడం. గౌరి బ్రతికింది. ఆ వెనుక ఎడమ గది మాత్రం శాశ్వతంగా ఎండిపోయింది. అదిగో, ఆ వేపచెట్టు క్రింద నెమరు వేస్తున్నది చూడండి. పూలదండ వేయడానికి వెళ్ళినవారిలో ఎవరైనా గమనించారో లేదో, ఆమెకు పాలిచ్చే చన్నులు మూడే. నాలుగవది నా పాండిత్యానికి బలి అయింది.

తెల్లవారి నేను డాక్టరమ్మతో, "అమ్మా, పసుపును నమ్మి తప్పు చేశాను" అన్నాను. ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "పంతులు గారూ, పసుపు తప్పు కాదండి. ఆలస్యం తప్పు. కొలత తెలియకపోవడం తప్పు. చూడకుండా ఉండటం తప్పు." ఆనాటినుంచి ఈ విషయాన్ని విద్యార్థి వలె అడిగి అడిగి తెలుసుకొన్నాను. అందులో కొంత మీకు అందజేస్తాను.

ఎర్రనీళ్ళ రహస్యం

మన ఇళ్ళలో పెళ్ళికూతురు గడప దాటినా, పసిబిడ్డ ఇంటికి వచ్చినా ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తాము. పసుపునీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే అది ఎర్రబడుతుంది. పారాణి ఎరుపూ అదే. పసుపులో కర్కుమిన్ అనే ద్రవ్యమున్నది. క్షారం తగిలితే దాని రంగు మారుతుంది. 1815లో యూరప్ శాస్త్రజ్ఞులు దీనిని మొదటిసారి వేరుచేశారు. 1910లో దాని నిర్మాణం తెలిసింది. బాక్టీరియాను అణచే శక్తి దీనికి ఉన్నదని 1949లో ప్రకటించారు.

గుజరాత్‌లోని ఆనంద్ కేంద్రంగా 1965లో ఏర్పడిన జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ పాడిరైతులకు పొదుగువాపు కొరకు ప్రచారం చేస్తున్న సంప్రదాయ వైద్యంలో ఉన్నవి ఈ ఎర్రనీళ్ళ వస్తువులే, కలబంద ఒక్కటి అదనం. తంజావూరు ప్రాంతంలో పశువైద్యాచార్యులు పున్నియమూర్తిగారు రైతుల దగ్గరనుంచి సేకరించి, పరీక్షించి, క్రమబద్ధం చేసిన విధానమిది. కొలత చెబుతాను, వ్రాసుకోదలచినవారు వ్రాసుకోండి. కలబంద మట్టలు 250 గ్రాములు. పసుపు పొడి 50 గ్రాములు. తాంబూలంలో వేసుకొనే సున్నం 10 నుంచి 15 గ్రాములు. మూడూ కలిపి మెత్తగా రుబ్బితే ఎర్రని ముద్ద అవుతుంది. పొదుగులోని పాలన్నీ పిండివేసి, పొదుగును శుభ్రంగా కడగాలి. గుప్పెడు ముద్దను నీళ్ళలో పలుచగా కలిపి పొదుగంతటికీ పట్టించాలి. ఒకసారి, రెండుసార్లు కాదు, రోజుకు ఎనిమిది నుంచి పది సార్లు. ప్రతిసారీ పాలు పిండి, కడిగి, మళ్ళీ పూయాలి. ఇలా అయిదు రోజులు. ముద్దను ఏ రోజుకారోజు క్రొత్తగా చేసుకోవాలి. రోజుకు రెండు నిమ్మకాయలు కోసి తినిపించాలి.

నేను చేసినదానికీ దీనికీ భేదం చూడండి. నేను పూయించినది రెండు పూటలు. ఇది పది పర్యాయాలు. నేను పాలు పిండించలేదు. ఇందులో సగం వైద్యం పిండటమే. విషం లోపల నిలిచి ఉంటే పైపూత ఏం చేయగలదు? మందు పేరు తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్లు కాదు.

అమరకోశంలో ఒక చమత్కారమున్నది. రాత్రికి ఎన్ని పేర్లున్నాయో అవన్నీ పసుపుకు కూడా పేర్లే. నిశ అన్నా పసుపే, రజని అన్నా పసుపే. కాంచని అనీ పేరున్నది, అంటే బంగారువన్నె గలది. ఇక పొదుగువాపు కలిగించే బాక్టీరియాలలో బహుమొండిదైన దానికి స్టెఫైలోకాకస్ ఆరియస్ అని పేరు. గ్రీకులో స్టెఫైలె అంటే ద్రాక్షగుత్తి, లాటిన్‌లో ఆరియస్ అంటే బంగారువన్నె గలది. పాలిచ్చే బుడగలూ ద్రాక్షగుత్తి వలెనే ఉంటాయి, వాటిని చెరిచే సూక్ష్మజీవీ ద్రాక్షగుత్తి వలెనే ఉంటుంది. మూడవ బంగారం ఒకటున్నది. 1895లో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహిస్తున్న కాలంలో, అక్కడి బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుంచి ఒక యాంటీబయాటిక్‌ను కనుగొన్నారు. 1948లో లోకానికి ప్రకటించిన దాని పేరు ఆరియోమైసిన్. దాని రంగూ బంగారమే. వ్యాధి బంగారం, మందులు రెండూ బంగారమే. ఏ బంగారం ఎప్పుడు వాడాలో తెలియడమే వివేకం.

కణం వాకిట కావలి

ఈ మొక్కల ద్రవ్యాలు లోపల ఏం చేస్తాయి? శాస్త్రజ్ఞులు ఆవు పొదుగులోని పాలకణాలను వేరుచేసి, గాజుపాత్రలో పెంచి, వాటిమీద పరిశీలనలు చేస్తున్నారు. ఒక ఉపమానంతో చెబుతాను.

ఒక గ్రామం ఉన్నదనుకోండి. పొలిమేరలో కావలివాడు. దొంగ కనబడగానే వాడు గంట కొడతాడు. ఊరివారంతా కర్రలు పట్టుకొని పరుగెత్తి వస్తారు. దొంగను పట్టుకొంటారు. మంచిదే. కాని చీకటిలో వందమంది పొలంలో పడి పరుగెత్తితే పైరు తొక్కుడుపడుతుంది. గంట ఆపకుండా మ్రోగుతూనే ఉంటే దొంగ పోయిన తరువాత కూడా ఊరివారు పొలంలో తిరుగుతూనే ఉంటారు. దొంగ చేసిన నష్టం కొంత, రక్షకులు చేసిన నష్టం అంతకంటే ఎక్కువ.

పొదుగులో జరిగేదీ ఇదే. ఇ. కోలై వంటి బాక్టీరియా గోడలోని ఒక ద్రవ్యాన్ని పాలకణం మీది కావలివాడు గుర్తుపడతాడు. వార్త కణకేంద్రానికి చేరుతుంది. ఆ వార్తాహరుని పేరు ఎన్.ఎఫ్. కప్పా–బి. వెంటనే కణం కేకలు వేస్తుంది. ఆ కేకలే వాపును రేపే రసాయనాలు. రక్తంలోని తెల్లకణాలు గుంపులుగా వచ్చి పడతాయి. అందుకే పొదుగు వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నొప్పి పెడుతుంది. పాలలో కనిపించే పలుకులు ఆ యుద్ధంలో పడినవాటి కళేబరాలు. యుద్ధం మితిమీరితే పాలకణాలే నశిస్తాయి. గౌరి నాలుగవ గది అలాగే ఎండిపోయింది.

పసుపులోని కర్కుమిన్ ఆ వార్తాహరుని వేగాన్ని తగ్గిస్తుందని పరిశోధనలలో కనిపించింది. గంట మ్రోగుతుంది, మితంగా మ్రోగుతుంది. రెండవది వాము. అజీర్తికి మనం నమిలే వామే. దానినుంచి తీసిన వాము పువ్వు అంగడిలో అమ్ముతారు, దానినే శాస్త్రజ్ఞులు థైమాల్ అంటారు. స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు ఒక మాయోపాయం తెలుసు. అది పాలకణం బయట ఉండక లోపలికి దూరి దాక్కొంటుంది. అక్కడికి చాలా యాంటీబయాటిక్‌లు తగినంతగా చేరలేవు. అందుకే ఆ వ్యాధి తగ్గినట్లే తగ్గి మళ్ళీ వస్తుంది. థైమాల్ ఉన్నప్పుడు ఆ బాక్టీరియా పాలకణాలలోకి దూరడం తగ్గిందని 2014లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపింది. దొంగను చంపడం ఒక పద్ధతి, వాకిలి గడియ వేయడం మరొక పద్ధతి. కలబంద జిగురులోని ద్రవ్యాలు వాపును చల్లార్చడానికి, గాయం మానడానికి సాయపడతాయి. మన పెద్దలు ఇంటి గుమ్మానికి కలబందను తలక్రిందుగా కట్టేవారు. కణం వాకిటికి కూడా అది పనికివస్తుందని వారు ఊహించి ఉండరు.

గాజుపాత్ర, కొట్టం

ఇంతవరకు విని మీరు సంతోషించారు. చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు నా చదువు చెప్పే హెచ్చరిక కూడా వినండి.

అన్నంభట్టు తర్కసంగ్రహం మొదటి పాఠాలలోనే ఉపాధి అనే దోషాన్ని గురించి చదువుతాము. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, నిజమే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుములో నిప్పున్నది, పొగ లేదు. తడికట్టె కలిస్తేనే పొగ. ఆ తడికట్టెయే ఉపాధి. "గాజుపాత్రలో కణాన్ని రక్షించింది గనుక కొట్టంలో ఆవును రక్షిస్తుంది" అనే అనుమానంలో కూడా ఉపాధి ఉన్నది. పాత్రలో ద్రవ్యం కణానికి నేరుగా తగులుతుంది. ఆవులో అది చర్మాన్ని దాటాలి, లేదా జీర్ణాశయాన్ని దాటాలి, రక్తంలో కలవాలి, పొదుగుకు చేరాలి, తగినంత ప్రమాణంలో చేరాలి. కర్కుమిన్ నోటితో ఇస్తే శరీరానికి అబ్బేది అత్యల్పం. కాబట్టి మొక్కల ద్రవ్యాల మీద జరిగిన ఈ పరిశోధనలు ఆశను కలిగిస్తాయి, దారిని చూపిస్తాయి. అవి వైద్యుని స్థానాన్ని ఆక్రమించవు. మొదటి లక్షణాలు కనిపించిన క్షణంలో ఎర్రముద్ద మొదలుపెట్టండి, అదే క్షణంలో పశువైద్యునికి కబురు పెట్టండి. రెండూ కలిసి నడవవలసినవి. ఆవు మేత మానినా, జ్వరం వచ్చినా, పాలు నీళ్ళైనా, పొదుగు చల్లబడి నీలివన్నె తిరిగినా ఒక్క గంట కూడా ఆగవద్దు. ఇ. కోలై వలన వచ్చే ఉద్ధృతమైన పొదుగువాపు ఒకటి రెండు రోజులలో ప్రాణం తీయగలదు. 1962 అనే నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. ఈ అంకె మీ సెల్‌ఫోనులో ఉండనివ్వండి.

మరి శాస్త్రప్రమాణాలకు విలువ లేదా? ఉన్నది. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి 1995లో పేటెంటు ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ మాషేల్కర్‌గారి నాయకత్వంలో దానిని ప్రశ్నించి, సంస్కృతం, హిందీ, ఉర్దూ భాషలలోని 32 ఆధారాలను చూపింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. సంస్కృత గ్రంథాలు పరదేశంలో సాక్ష్యం చెప్పి గెలిచిన సందర్భమది. అయితే ఆ గ్రంథాలు గెలిచినది వాటిని తెరచి, చదివి, అనువదించి చూపినవారి శ్రమవలన. గ్రంథం పేరు చెప్పి నిద్రపోయినవారికి ఏ గ్రంథమూ సాయం రాదు. ఇది నేను నాకు చెప్పుకొనే మాట.

పశువైద్యం మనకు క్రొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలున్నాయి. రెండవ శాసనంలో ఆయన మనుష్యులకు, పశువులకు, ఉభయులకూ చికిత్స ఏర్పాటు చేశానని, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించానని చెప్పుకొన్నాడు. మన తెలుగుగడ్డ మీద బండరాతిలో ఉన్న మాట ఇది. కౌటిల్యుడు గోధ్యక్షుని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశాడు. దూడలకు, ముసలివాటికి, రోగంతో ఉన్నవాటికి చికిత్స చేయవలసిన బాధ్యత గోపాలకులదే అన్నాడు. వర్షర్తువునుంచి హేమంతం దాకా రెండుపూటలా పితకవచ్చు, శిశిరం నుంచి గ్రీష్మం దాకా ఒక్కపూటే పితకాలి, రెండవపూట పితికినవానికి బొటనవ్రేలు తీయించాలి అన్నాడు. శిక్ష క్రూరమే. దాని వెనుక ఉన్న భావం మాత్రం గ్రహించదగినది. పొదుగు మన సొత్తు కాదు, ఆవుది.

ఒక సోమవారం అభిషేకం

గౌరికి ఇంజక్షన్లు ఇచ్చిన వారంలోనే కార్యకర్త ఒకరు నా దగ్గరికి వచ్చారు. ఒక దాతగారి పేర సోమవారం క్షీరాభిషేకం ఉన్నది. పాలు తక్కువపడ్డాయి. "పంతులు గారూ, గౌరి మంచి చన్నుల పాలు పారబోస్తున్నాం కదా. మనుషులు త్రాగకూడదు గాని, లింగం మీద పోయడానికేం?" అన్నారు.

యాంటీబయాటిక్ ఇచ్చిన ఆవు పాలలో ఆ మందు కలుస్తుంది. ఏ చన్నుకు ఇచ్చినా, మందుపెట్టె మీద వ్రాసినన్ని రోజులు నాలుగు చన్నుల పాలూ వాడకూడదు. అటువంటి పాలు పదే పదే త్రాగితే మనలోని సూక్ష్మజీవులు ఆ మందుకు అలవాటుపడి, రేపు మన బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకుండాపోతుంది. స్వామికి పోసిన పాలు ఎక్కడికి పోతాయి? తీర్థమై మీ అరచేతిలోకే వస్తాయి. గర్భిణులు పుచ్చుకొంటారు, పసివాళ్ళ పెదవులకు తాకిస్తారు. అదీగాక, మనం త్రాగరాదని పారబోసేదానిని దేవునికి అర్పించడం ఏ భక్తి? నేను వద్దన్నాను. ఆ సోమవారం శుద్ధజలంతోనే రుద్రాభిషేకం చేశాము. దాతగారికి ఉన్నమాట చెప్పాను. వారు కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే ఆ పాలకు ఇవ్వదలచిన డబ్బు గౌరి మందులకు వ్రాయండి" అన్నారు. నా జీవితంలో నేను చేయించిన అభిషేకాలలో అది శ్రేష్ఠమైనదని నా నమ్మకం.

దాతలకు, యాత్రికులకు విన్నపం

నేను ఈ పుప్పాలగూడకు వచ్చిన క్రొత్తలో ఇక్కడ బండరాళ్ళగుట్టలు, వాటి మధ్య పచ్చిక, చెరువుగట్టున మేసే పశువులు ఉండేవి. ఇప్పుడు నార్సింగి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఆకాశాన్నంటే భవనాలు. పశువు తిరిగి మేసే స్థలం లేదు. కదలక, ఒకేచోట, సిమెంటు నేల మీద ఉండే ఆవు పొదుగుకు అపాయం ఎక్కువ. కాని ఇదే ప్రాంతంలో మనకు సాయం కూడా ఉన్నది. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయమున్నది. గచ్చిబౌలిలో, 1982లో పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ నెలకొల్పిన టీకాల సంస్థ ఉన్నది. ఆవును పోగొట్టుకోవడానికి మనకు తెలియలేదు అనే సాకు మిగలలేదు.

కాబట్టి నా విన్నపాలు నాలుగు. మొదటిది, యాత్రికులకు. ఆవుకు పులిహోర, చక్కెరపొంగలి, అన్నం ముద్దలు పెట్టవద్దు. అన్నం ఎక్కువైతే పొట్టలో పులిసి ఆవు జబ్బుపడుతుంది. పచ్చిగడ్డి మోపు, జొన్నచొప్ప ఇవ్వండి. అదీ పాలు పితికిన వెంటనే వేసేటట్లు కాపరికి అప్పగించండి. మేస్తున్నంతసేపు ఆవు నిలబడే ఉంటుంది. ఆలోగా చనుకట్టు ద్వారం మూసుకొంటుంది. మీ గ్రాసం ఆకలిని తీర్చడమే గాక పొదుగుకు కాపలా కూడా కాస్తుంది.

రెండవది, దాతలకు. గోపురానికి, మంటపానికి ఇచ్చేవారు అనేకులు. కొట్టంలో నేల ఆరేటట్లు వాలు కట్టించడానికి, ఇసుక పరపించడానికి, పితికిన తరువాత చనుకట్లను ముంచే అయోడిన్ మందుకు ఇచ్చేవారు కావాలి. వీటిమీద శిలాఫలకం వేయడానికి చోటుండదు. గోవులకు మాత్రం తెలుస్తుంది.

మూడవది, పరీక్ష. పైకి ఏ లక్షణమూ కనబడకుండా లోలోపల ఉండే పొదుగువాపు ఎక్కువ. దానిని పట్టుకోవడానికి 1957నుంచి వాడుకలో ఉన్న ఒక సులభమైన పరీక్ష ఉన్నది. నాలుగు గుంటల పళ్ళెంలో నాలుగు చన్నుల పాలు కొద్దికొద్దిగా పిండి, ఒక మందునీరు కలిపి తిప్పితే, జబ్బున్న గది పాలు జిగురుగా చిక్కబడతాయి. నెలకొకసారి ఈ పరీక్ష జరిపిద్దాం. మన కాపరికి ఇప్పుడది వచ్చు. రెండేళ్ళ క్రితం తులసి అనే ఆవుకు ఇలాగే తొలిదశలో పట్టుకొని, డాక్టరమ్మ పర్యవేక్షణలో అయిదు రోజులు ఎర్రముద్ద వేసి, మళ్ళీ పరీక్షించి, నాలుగు చన్నులూ నిలుపుకొన్నాము. ఒక్క ఆవును చూచి సిద్ధాంతం చేయరాదని మీకు ఇందాక చెప్పినవాణ్ణే. అయినా మనస్సు సంతోషిస్తుంది కదా.

నాలుగవది, కలబంద. మీ మీ బాల్కనీలలో ఒక్కొక్క కుండీలో కలబంద పెంచి, మట్టలు గోశాలకు తెచ్చి ఇవ్వండి. ఇరవయ్యవ అంతస్తులో ఉన్నవారు కూడా గోసేవ చేయగల మార్గమిది.

చివరిగా ఒక్క మాట. ఇప్పుడు మీరు వెళ్ళేముందు వేపచెట్టు దగ్గరికి వెళ్ళి గౌరిని చూడండి. నేను ప్రతిరోజూ సంధ్యావందనం ముగించి ఆమె దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పుకొంటాను. ఆమె నా చేయి నాకుతుంది. క్షమించినట్లేనని నేను అనుకొంటాను. పసుపు మీద ఉన్న నమ్మకం నేనేమీ పోగొట్టుకోలేదు. నమ్మకానికి కళ్ళు ఉండాలని మాత్రం నేర్చుకొన్నాను. గోమాత మీ అందరినీ, మీ బిడ్డలనూ చల్లగా చూచుగాక.

స్వస్తి.